జారుడు విద్య: జపాన్ రేసింగ్ వీడియో గేముల్లో డ్రిఫ్టింగ్ అభ్యాస చరిత్ర

వ్యాససంగ్రహం

వెనుక చక్రాలు పట్టు తప్పి పక్కకు జారుతున్న కారును అదుపులో ఉంచుకొంటూ మలుపు దాటించే నైపుణ్యాన్ని డ్రిఫ్టింగ్ అంటారు. జపాన్ ఘాట్ రోడ్ల మీద రూపుదిద్దుకొన్న ఈ విద్య 1990ల నుంచి వీడియో గేముల ద్వారా, కారు నడపడం తెలియనివారికి కూడా అందుబాటులోకి వచ్చింది. తొలినాటి గేములు జారుడును ఆటగాడికి వరంగా ఇచ్చాయనీ, తరువాతివి దానిని పొరపాటుకు అవకాశమున్న సాధనగా మార్చాయనీ, నిజమైన అభ్యాసం ఆ మార్పుతోనే మొదలైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డ్రిఫ్టింగ్, రేసింగ్ గేములు, జపాన్, రిడ్జ్ రేసర్, గ్రాన్ టూరిస్మో, శరీరజ్ఞానం, సాధన.

1. ప్రవేశిక

మలుపు తిరిగేటప్పుడు టైర్లు రోడ్డును పట్టుకొని ఉండాలన్నది డ్రైవింగులో మొదటి సూత్రం. పట్టు తప్పితే అది పొరపాటు, వెంటనే సరిదిద్దుకోవలసిన ప్రమాదం. డ్రిఫ్టింగ్ ఈ సూత్రాన్ని తలకిందులు చేస్తుంది. ఇందులో డ్రైవరు బుద్ధిపూర్వకంగానే వెనుక చక్రాల పట్టు తప్పిస్తాడు. యాక్సిలరేటరును ఒక్కసారిగా తొక్కడం, హ్యాండ్ బ్రేక్ లాగడం, క్లచ్‌ను తొక్కి వదిలి ఇంజను బలాన్ని ఒక్క కుదుపుతో చక్రాలకు అందించడం వంటివి ఇందుకు మార్గాలు. అప్పుడు కారు వెనుకభాగం మలుపు వెలుపలికి జారుతుంది, ముందుభాగం లోపలికి తిరుగుతుంది. వెనుకభాగం జారుతున్న వైపుకే, అంటే మలుపుకు ఎదురుదిశలో, స్టీరింగు తిప్పి యాక్సిలరేటరుతో ఆ స్థితిని నిలబెట్టాలి.

ఇక్కడ భయం తప్పుడు సలహా ఇస్తుంది. కారు జారగానే కొత్తవారి కాలు యాక్సిలరేటరు మీదినుంచి దానంతటదే లేస్తుంది. కాలు లేవగానే వెనుక టైర్లకు పట్టు తిరిగివస్తుంది. స్టీరింగు ఇంకా ఎదురుదిశలోనే ఉండటంవల్ల కారు విసురుగా అటువైపు తిరిగిపోతుంది. కాబట్టి ఈ విద్యలో చేతులూ కాళ్లూ నేర్చుకోవలసినదానికన్నా శరీరం మరవవలసినదే ఎక్కువ.

ప్రాణభయమే లేని వీడియో గేము ఇటువంటి విద్యను నేర్పగలదా? గేములో నేర్చినది వట్టి అనుకరణ అనేది ఒక అభిప్రాయం. అది అసలు విద్యకు సమానమే అనేది మరొకటి. ఈ రెండూ గేము అనే మాటను ఒకే అర్థంలో వాడుతున్నాయి. నిజానికి దశాబ్దకాలంలోనే గేములు జారుడును చూసే తీరు మూలమట్టంగా మారింది. ఆ మార్పును గమనిస్తే ప్రశ్నే మరో రూపం తీసుకొంటుంది.

2. ఘాట్ రోడ్ల గురుకులం

కారును జారించి మలుపు తిప్పడం జపాన్‌లో పుట్టినది కాదు. 1930ల ఐరోపా రేసుల్లో ఇటలీకి చెందిన తాజియో నువొలారి ఇటువంటి నడకకు ప్రసిద్ధుడు. మట్టి మీదా మంచు మీదా సాగే ర్యాలీ పోటీల్లో జారుడు తప్పనిసరి నైపుణ్యం. అయితే జారుడునే ఒక ప్రత్యేక విద్యగా, చూసి ఆనందించదగిన ప్రదర్శనగా మలచిన ఘనత జపాన్‌ది.

ఈ పరంపరకు ఆద్యుడిగా కునిమిత్సు తకహాషిని పేర్కొంటారు. ఆయన మొదట మోటారు సైకిల్ రేసరు. 1961లో పశ్చిమ జర్మనీ గ్రాండ్ ప్రి 250 సీసీ విభాగంలో గెలిచి, ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు నెగ్గిన తొలి జపాన్ రేసరు అయ్యాడు. తరువాత కార్ల రేసులకు మారి, 1970లలో నిస్సాన్ స్కైలైన్ కారును మలుపుల్లో జారిస్తూ నడిపి ప్రేక్షకులను ఆకట్టుకొన్నాడు. ఆయన ప్రభావంతో ఎదిగిన కెయిచి త్సుచియా ఈ నైపుణ్యాన్ని కొండదారుల్లో సాధన చేశాడు. జపాన్ భాషలో కనుమదారిని 'తోగే' అంటారు. తెలుగువారి వాడుకలో ఘాట్ రోడ్డు. తేలికైన టొయోటా ఏఈ86 కారులో త్సుచియా ప్రదర్శించిన విన్యాసాలతో 1987లో వెలువడిన 'ప్లస్‌పీ' వీడియో యువకుల మీద గాఢమైన ముద్ర వేసింది.

ఘాట్ రోడ్డు మీద పాఠ్యప్రణాళిక లేదు. ముందు పోయేవారిని చూడటం, రాత్రివేళ సొంత కారులో ప్రయత్నించడం, తప్పితే ఆ ఖర్చు భరించడం, ఇదే పద్ధతి. రోడ్డు ఇరుకు, ఒకవైపు కొండ, మరోవైపు లోయ. పైగా అవి నలుగురూ నడిచే దారులు కావడంవల్ల ఆ సాధన చట్టవిరుద్ధం; దాని మూల్యం సాధకుడికే పరిమితం కాదు. ఆ గురుకులంలో పొరపాటే గురువు, గురుదక్షిణ మాత్రం కొన్నిసార్లు ప్రాణం.

1995లో ప్రారంభమైన షుయిచి షిగెనో చిత్రకథ 'ఇనిషియల్ డీ' ఈ సంస్కృతికి సాహిత్యరూపం ఇచ్చింది. కథానాయకుడు తకుమి ఫుజివారా తండ్రి దుకాణం నుంచి వేకువజామున కొండ మీదికి సోయా జున్ను చేరవేసే కుర్రవాడు. కారులో నీళ్ల కప్పు పెట్టి, అది తొణకకుండా నడపమంటాడు తండ్రి. ఇది కల్పనే అయినా అభ్యాసచరిత్రలో ఆలోచింపజేసే సన్నివేశం. కారు బరువు ఎటు ఒరుగుతోందో ఆ కప్పు వెంటనే చెబుతుంది. తప్పు జరిగితే నీళ్లు ఒలుకుతాయి, ప్రాణం పోదు. పొరపాటును స్పష్టంగా చూపుతూనే దాని మూల్యాన్ని తగ్గించే సాధనం అది. ఇదే కాలంలో వీడియో గేములు కూడా, తమకు తెలియకుండానే, అటువంటి కప్పు కోసం వెతుకుతున్నాయి.

3. వరంగా లభించిన జారుడు

నామ్‌కో సంస్థ 'పోల్ పొజిషన్' (1982), సెగా సంస్థ 'అవుట్ రన్' (1986) రేసింగ్ గేములకు బాట వేశాయి. వాటిలో మలుపు వద్ద పక్కకు జారడమంటే వేగం మితిమీరిందన్న హెచ్చరికే. 1994లో సూపర్ ఫామికామ్ యంత్రం కోసం వెలువడిన 'షుతోకో బాటిల్ 94' త్సుచియా పేరును, 'డ్రిఫ్ట్ కింగ్' బిరుదును శీర్షికలోనే పెట్టుకొంది. ఘాట్ రోడ్ల కీర్తి అప్పటికే ఆటబొమ్మల అంగళ్లకు చేరిందనడానికి ఇది నిదర్శనం.

జారుడును ఆటకు కేంద్రంగా నిలిపిన గేము నామ్‌కో 'రిడ్జ్ రేసర్'. 1993లో ఆర్కేడ్లలోకి వచ్చిన ఈ గేము 1994 డిసెంబరు 3న ప్లేస్టేషన్‌తో పాటే జపాన్ ఇళ్లలోకి ప్రవేశించింది. ఇందులో మలుపు వద్ద యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు తిప్పి, మళ్లీ తొక్కితే చాలు. కారు జారుడు స్థితిలోకి వెళ్తుంది. ఆపై దానిని మలుపు వెంట నడిపించే భారం చాలావరకు గేముదే. కారు గిరగిర తిరిగిపోయే ప్రమాదం దాదాపు లేదు.

దీనిని లోపంగా చూడటం చరిత్రకు న్యాయం కాదు. ఆర్కేడ్‌లో నాణెం వేసిన మనిషికి కొద్ది నిమిషాల్లోనే ఆనందం అందాలి. ఆ ఆనందాన్ని రిడ్జ్ రేసర్ నిండుగా ఇచ్చింది. కానీ దానిలో నేర్చుకొన్నది జారుడును పిలిచే సంకేతం. మంత్రం తెలిసినవాడికి తలుపు తెరుచుకొన్నట్లు, వరుస తెలిసినవాడికి కారు జారింది. ఎంత జారింది, ఎందుకు జారింది, ఎప్పుడు ఆపాలి అనే ప్రశ్నలకు జవాబులను గేమే తన దగ్గర ఉంచుకొంది.

4. పొరపాటును తిరిగి ఇచ్చిన గేము

1997 డిసెంబరు 23న జపాన్‌లో విడుదలైన 'గ్రాన్ టూరిస్మో' ఈ ఒప్పందాన్ని మార్చింది. కజునోరి యమౌచి నేతృత్వంలో సుమారు అయిదేళ్ల శ్రమతో రూపొందిన ఈ గేములో ఒక్కొక్క కారుకు దాని బరువు, ఇంజను శక్తి, ఏ చక్రాలకు ఆ శక్తి అందుతుందన్న అంశాల ఆధారంగా వేర్వేరు ప్రవర్తన ఏర్పడింది. ఇక్కడ జారుడు ఎవరూ ఇచ్చే వరం కాదు. ఆటగాడు చేసిన పనికి ఫలితంగా అది వస్తుంది, చేతకాకపోతే కారు గిరగిర తిరిగి ఆగిపోతుంది.

పోటీల్లో ముందుకు సాగాలంటే ఈ గేములో లైసెన్సు పరీక్షలు నెగ్గాలి. నిర్ణీత దూరంలో ఆగడం, ఒక్క మలుపును నిర్ణీత సమయంలో దాటడం వంటి చిన్న పాఠాలుగా డ్రైవింగును అవి విడగొట్టాయి. తప్పితే మళ్లీ మొదటినుంచి ప్రయత్నించవచ్చు, ఎన్నిసార్లయినా. పూర్తయిన పరుగును రీప్లేలో బయటినుంచి చూసుకోవచ్చు. ఘాట్ రోడ్డు ఇవ్వలేని సౌకర్యాలివి.

అటువంటి గేములో డ్రిఫ్టింగ్ సాధన చేసేవారి క్రమం సంగీతంలో సరళీ వరుసలను తలపిస్తుంది. మొదట వెనుక చక్రాలకు శక్తి అందే కారును ఒకే వలయంలో జారిస్తూ తిప్పడం. అందులో యాక్సిలరేటరు పాలు ఎంతో తెలుస్తుంది. ఆపై ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం. జారుడు ఒక దిశనుంచి మరో దిశకు మారే క్షణం పట్టుబడుతుంది. తరువాత ఒక్క మలుపు, చివరకు వరుస మలుపులు. కొత్తవారి చూపు కారు ముక్కు మీద ఉంటుంది. కుదిరినవారి చూపు మలుపు చివర ఉంటుంది. ఈ తేడాను మాటల్లో చెప్పడం సులభం. చూపు మాత్రం వందసార్లు తప్పిన తరువాతే మారుతుంది.

5. శరీరం లేని చోట సంకేతాలు

నిజమైన కారులో జారుడు కంటికన్నా ముందు శరీరానికి తెలుస్తుంది. సీటు పక్కకు లాగుతుంది, లోపలి చెవి ఆ తిరుగుడును పసిగడుతుంది. తెర ముందు కూర్చున్నవాడికి ఈ రెండూ లేవు. రేసింగ్ గేముల పరికరాల చరిత్రను ఈ కొరతను తీర్చే ప్రయత్నంగా చదవవచ్చు.

తొలి ప్లేస్టేషన్ కంట్రోలరు మీటలకు రెండే స్థితులు: నొక్కడం, వదలడం. స్టీరింగును కొద్దిగా తిప్పడమనేది వాటితో కుదరదు. మధ్యలో మెలితిప్పే నామ్‌కో 'నెజికాన్' 1995లో ఈ ఇబ్బందికి ఒక జవాబు ఇచ్చింది. 1997 నవంబరులో వచ్చిన 'డ్యూయల్ షాక్' కంట్రోలరు కొద్దికొద్దిగా ఒరిగే పుల్లలతో పాటు కంపనాన్ని అరచేతికి తెచ్చింది. 2001లో 'గ్రాన్ టూరిస్మో 3'తో పాటు లాజిటెక్ సంస్థ 'జీటీ ఫోర్స్' స్టీరింగు వచ్చింది. ముందు చక్రాల మీది బలాన్ని ఇది మోటారు ద్వారా చేతులకు తెలియజేస్తుంది. కారు జారినప్పుడు స్టీరింగు తనంతట తానే ఎదురుదిశకు తిరగడం నిజమైన కారు లక్షణం. అనుభవజ్ఞులు దానిని బలవంతంగా తిప్పరు, చేతుల్లో జారనిచ్చి సరైన క్షణంలో పట్టుకొంటారు. 'వదలడం ఒక నైపుణ్యం' అన్న ఈ పాఠం మోటారు స్టీరింగు వచ్చేదాకా గేముకు అందనిది. 'గ్రాన్ టూరిస్మో 4' కాలానికి వచ్చిన 'డ్రైవింగ్ ఫోర్స్ ప్రో' స్టీరింగు నిజమైన కారులో వలె రెండున్నర చుట్లు తిరిగింది.

6. అంకె గురువైనప్పుడు

ఈలోగా జపాన్‌లో డ్రిఫ్టింగ్ రోడ్డు వదిలి మైదానానికి చేరుతోంది. 2000ల ఆరంభంలో మొదలైన 'డీ1 గ్రాండ్ ప్రి' పోటీలో గెలుపును గడియారం నిర్ణయించదు. వేగం, జారుడు కోణం, ఎంచుకొన్న దారి, ప్రదర్శన తీరు చూసి న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. 2003లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన 'నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్' వంటి గేములు ఈ తీర్పును యంత్రానికి అప్పగించాయి. కారు జారుతున్నంతసేపూ తెర మీద అంకె పెరుగుతూ ఉంటుంది.

అంకె తక్షణం స్పందిస్తుంది, పక్షపాతం చూపదు. ఆ మేరకు అది తకుమి కారులోని నీళ్ల కప్పు వంటిదే. కానీ కప్పు కారు స్థితిని చూపింది, అంకె గేము ఇష్టాన్ని చూపుతుంది. అంకె కోసం సాధన చేసేవాడు లెక్కకు వచ్చే జారుడును నేర్చుకొంటాడు. లెక్కకు రాని సౌమ్యత, పొదుపు అతని చేతినుంచి మెల్లగా జారిపోవచ్చు. పరీక్షకోసం చదివే చదువుకు ఉన్న పరిమితే ఇదీ.

7. ఉపసంహారం

గేములో నేర్చిన విద్య తెర దాటగలదా అన్నదానికి 2008లో నిస్సాన్, ప్లేస్టేషన్ సంస్థలు ఆరంభించిన 'జీటీ అకాడెమీ' ఒక పరీక్షగా నిలిచింది. గ్రాన్ టూరిస్మో ఆటగాళ్లలోంచి ఎంపికై తొలి విజేతగా నిలిచిన స్పెయిన్ యువకుడు లూకాస్ ఒర్దోన్యేజ్, 2011లో ల మాన్ 24 గంటల రేసులో తన తరగతిలో రెండవ స్థానం పొందిన జట్టులో సభ్యుడు. అయితే అది డ్రిఫ్టింగ్ కాదు, పట్టు నిలుపుకొని నడిపే రేసు. పైగా గేముకూ ఆ రేసుకూ నడుమ నిజమైన కార్లలో కఠినమైన శిక్షణ ఉంది. గేము కంటినీ, చేతినీ, నిర్ణయవేగాన్నీ సిద్ధం చేయగలదనీ, మిగిలినదాన్ని కారే నేర్పాలనీ ఈ ఉదాహరణ సూచిస్తుంది.

డ్రిఫ్టింగ్ విషయంలో మిగిలేది ముఖ్యంగా భయం. గేములో సాధకుడు భయాన్ని జయించడు; అక్కడ అది ఎదురుపడదు. ఘాట్ రోడ్డు పొరపాటును గురువుగా నిలిపి మూల్యాన్ని ప్రాణం దాకా పెంచింది. రిడ్జ్ రేసర్ మూల్యంతో పాటు పొరపాటునూ తొలగించింది. గ్రాన్ టూరిస్మో పొరపాటును తిరిగి ఇచ్చి మూల్యాన్ని మాత్రం తీసివేసింది. ఈ మూడవ స్థితిలోనే జారుడు విద్య మొదటిసారి అందరికీ అందే సాధన అయింది. అక్కడ నేర్చినది సగం విద్యే కావచ్చు. కానీ ఆ సగాన్ని నేర్చుకోవడానికి చీకటి కొండదారిలో ఎవరి ప్రాణమూ పణంగా పెట్టవలసిన అవసరం లేకపోయింది. గేముల చరిత్రలో ఈ లాభానికి ప్రత్యేకస్థానం ఇవ్వవలసి ఉంది.