ధాయా కోట మీద సోషలు మాస్టారు

మనవైపు నుంచి దుబాయ్ చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఒక లిస్టుంటుంది. బుర్జ్ ఖలీఫా, గోల్డ్ సూక్, ఎడారి సఫారీ, ఓపికుంటే అబూధాబీ పెద్ద మసీదు, తిరుగు ప్రయాణంలో నాలుగు కిలోల ఖర్జూరం. ఈ లిస్టు పట్టుకుని నేను ఇప్పటికి ఎంతమందిని తిప్పానో లెక్కలేదు. మొన్న చలికాలంలో మా పెద్దమావయ్య వచ్చినప్పుడు మాత్రం లిస్టు ఆయనే రాసుకొచ్చాడు. అందులో షాపింగ్ మాల్ ఒక్కటీ లేదు. మొదటి పేరు ధాయా కోట. ఇక్కడ పదిహేనేళ్ళ నుంచి ఉంటున్న మా పక్క ఫ్లాటాయన "అదెక్కడుందండీ?" అని అడిగాడు.

మావయ్య తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు సోషలు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పటికీ సాయంత్రాలు ఊళ్ళో పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టుకుంటాడు. ఎక్కడికెళ్ళినా చేతిలో రెండొందల పేజీల లాంగ్ నోట్సు ఉండాల్సిందే.

ఈ దేశానికి చరిత్రేముంది, యాభయ్యేళ్ళదేగా అని మనలో చాలామంది అనుకుంటాం. ఒక లెక్కలో నిజమే. 1971 డిసెంబర్ 2న ఆరు ఎమిరేట్లు కలిసి దేశమయ్యాయి, ఏడోదైన రాస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరి 10న చేరింది. మావయ్య చూడాలన్నది ఆ చివర్న చేరిన చోటునే.

దుబాయ్ నుంచి కార్లో గంటన్నర లోపే. ముందు ఊళ్ళో ఉన్న మ్యూజియం చూశాం. 1964 దాకా పాలకులు కాపురమున్న కోట అది, 1987లో మ్యూజియం చేశారు. అక్కణ్ణుంచి ఉత్తరంగా, రమ్స్ అనే ఊరు దాటాక, ఒక పక్క రాతి కొండలు, ఒక పక్క ఖర్జూరపు తోటలు, వాటి మధ్య బోడిగుట్ట మీద మట్టిరంగులో రెండు బురుజులు. అదే ధాయా. రెండొందల పైచిలుకు మెట్లు. మావయ్య మోకాళ్ళ గురించి నేను భయపడుతుంటే, ఆయన "కోటప్పకొండ ఎక్కినవాణ్ణిరా" అంటూ నాకంటే ముందు పైకి చేరాడు.

పైన కూర్చున్నాక పాఠం మొదలైంది. నేనొక్కణ్ణే క్లాసు.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఈ తీరంలో ఖవాసింల పడవలదే రాజ్యం. ఇప్పుడు షార్జానీ, రాస్ అల్ ఖైమానీ ఏలుతున్న అల్ ఖాసిమీ వంశం అదే. ఇటు ఇండియా, అటు బస్రా, ఆఫ్రికా, అన్నివైపులా వాళ్ళ వర్తకం నడిచేది. ఈ దారి ఈస్టిండియా కంపెనీకీ కావాలి. పడవల మీద దాడులు జరిగాయి, 1808లో మినర్వా అనే ఓడని పట్టుకున్నారు. 1809లో బొంబాయి నుంచి నౌకలొచ్చి రాస్ అల్ ఖైమాని కొట్టి, రేవులో పడవలు తగలబెట్టి వెళ్ళాయి. సరిపోలేదు కాబోలు, పదేళ్ళకి మళ్ళీ వచ్చారు. ఈసారి మూడు వేల పైచిలుకు సైన్యం. 1819 డిసెంబర్ 9న ఊరు పడింది. తప్పించుకున్నవాళ్ళలో కొందరు రమ్స్ మీదుగా వచ్చి ఈ గుట్టెక్కారు. నీళ్ళు సరిగా లేవు, ఎండకి నీడ లేదు. ఓడల్లోంచి బరువైన ఫిరంగుల్ని దింపి, ఖర్జూరపు తోటల్లోంచి లాక్కొచ్చి, కింద నిలబెట్టి పేల్చారు. డిసెంబర్ 22న లొంగిపోయి దిగినవాళ్ళు దాదాపు నాలుగొందల మంది. అందులో యుద్ధం చేయగలిగినవాళ్ళు సగం కూడా లేరు, మిగతావాళ్ళు ఆడవాళ్ళూ, పిల్లలూ.

"ఆ మూడు వేలల్లో దాదాపు సగం మనవాళ్ళేరా" అన్నాడు మావయ్య. బొంబాయి సైన్యపు సిపాయిలు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా మద్రాసు సైన్యంలో చేరేవాళ్ళు కనుక వీళ్ళలో ఉండే అవకాశం తక్కువేలెండి. అయినా, ఇండియన్లు గల్ఫ్‌కి జీతం కోసం రావడం ఆయిలు దొరికాకే మొదలైందని నమ్మేవాళ్ళకి ఈ గుట్ట చూపించాలి.

ఆ సైన్యాధిపతి పేరు మేజర్ జనరల్ విలియం గ్రాంట్ కీర్. ఇక్కడే మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అంటే అసలు సంగతి వస్తోందని మాకందరికీ తెలుసు. ఈ కీర్ అంతకు రెండేళ్ళ ముందు, 1817-18లో, మరాఠా-పిండారీ యుద్ధంలో ఒక దళాన్ని నడిపినవాడు. మన పుస్తకాల్లో పిండారీలు ఎవరు? దోపిడీ దొంగలు. ముప్ఫై మూడేళ్ళపాటు మావయ్య బ్లాక్‌బోర్డు మీద రాసిన మాట. "అక్కడ వాళ్ళు దొంగలు, ఇక్కడ వీళ్ళు సముద్రపు దొంగలు. పంపిన ఊరు బొంబాయే, వెళ్ళిన మనిషి ఒక్కడే. నేను మాత్రం రెండు పాఠాలనుకున్నా" అన్నాడు. నిజానికి ఆ రెండోది మన సిలబస్‌లో లేనే లేదు.

బ్రిటిషువాళ్ళ మ్యాపుల్లో ఈ తీరం పేరు సముద్రపు దొంగల తీరం. 1820లో షేకులందరి చేతా సంతకాలు చేయించాక, 1853లో శాశ్వత సంధి కుదిరాక, అదే ఇసుక సంధి తీరమైపోయింది. షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ ఈ దొంగల కథ మీదే ఎక్సెటర్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, 1986లో దాన్ని పుస్తకంగా వేశారు. బొంబాయి రికార్డుల్నే తిరగేసి, కంపెనీకి వర్తకంలో వాటా కావాల్సొచ్చింది కనుక దొంగతనం అంటగట్టారని ఆయన వాదన. చరిత్రకారులందరూ ఒప్పుకోలేదు. నాకైతే, పడవల మీద దాడులు అసలు జరగనే లేదంటే నమ్మబుద్ధి కాదు. కానీ అదే పని ఇంగ్లండు రాజుగారి లైసెన్సు కాగితంతో చేసినవాళ్ళకి ఇంకో గౌరవనీయమైన పేరుండేది. కాగితం ఎవరి దగ్గరుందన్నదాన్ని బట్టి పేరు మారింది. పాలకుడు రాసిన పుస్తకం కదా, ఆయన తన వంశాన్ని వెనకేసుకు రాడా అని అడిగా. "వస్తాడు. కంపెనీ గుమాస్తా కంపెనీని వెనకేసుకు రాలేదా? రెండూ చదవాలి" అన్నాడు మావయ్య.

ఆ 1820 ఒడంబడికలో ఒక తమాషా ఉంది. మూడో షరతు జెండా గురించి. స్నేహితులైన అరబ్బులు ఎర్ర జెండా కట్టాలి, దాని చుట్టూ తెల్ల అంచుండాలి, అంచు వెడల్పెంతో కూడా రాశారు. ఏ పడవని కాల్చాలో ఏది కాల్చకూడదో దూరం నుంచే తెలియడానికన్నమాట. ఇప్పుడు షార్జా జెండా, రాస్ అల్ ఖైమా జెండా చూడండి, తెలుపు మధ్యలో ఎరుపు. రోజూ ఆఫీసుకెళ్తూ ఆ జెండా కిందనుంచే వెళ్తాను నేను. ఎవరో గెలిచినవాళ్ళు గుర్తుకోసం పెట్టిన షరతు, ఈరోజు ఇక్కడివాళ్ళు ప్రేమగా ఇంటి మీద ఎగరేసుకునే జెండా అయింది. మావయ్య దాని బొమ్మ నోట్సులో గీసుకున్నాడు, పక్కన కొలతలు కూడా వేసి.

ఆ తర్వాత కథంతా ఇండియా నీడలోనే. బుషెహర్లో కూర్చున్న బ్రిటిషు రెసిడెంటు మొదట బొంబాయికి, 1873 నుంచి ఇండియా ప్రభుత్వానికి జవాబుదారీ, 1947 దాకా. 1909లో దుబాయ్‌లో తెరిచింది ఇండియన్ పోస్టాఫీసు. చెల్లిన డబ్బు రూపాయి. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా నోట్లు వేసింది, 1966 దాకా అవే నడిచాయి. దిర్హాం వచ్చింది 1973లో.

కొండ దిగేటప్పుడు మావయ్య ఇంకో మాటెత్తాడు. పితూరీ. మనం ఇప్పుడు "వాడి మీద పితూరీలు చెప్పాడు" అంటాంగానీ, ఒకప్పుడు పితూరీ అంటే తిరుగుబాటు. రంపలో అల్లూరి సీతారామరాజు 1922 నుంచి 1924 దాకా నడిపిందాన్ని కూడా దొరల రికార్డులు ఆ మాటతోనే రాశాయి. ఆ మాట ఉర్దూ ద్వారా మనకొచ్చింది, మూలం అరబిక్. "తిరగబడ్డమే మన భాషలో చాడీ అయి కూర్చుంది చూడు" అని నవ్వాడు.

కింద కారు దగ్గర నీళ్ళు తాగి, బానెట్ మీద నోట్సు పెట్టుకుని ఏదో రాయడం మొదలుపెట్టాడు. ఎండెక్కుతోంది, బయల్దేరదామంటే వినడే. చివరికి నాకే చదివి వినిపించాడు. "పిండారీ, పితూరీదారు, సముద్రపు దొంగ. ఈ మూడు పేర్లూ ఎవరు, ఎవరికి, ఎందుకు పెట్టారు? నాలుగు మార్కులు."

ఆలోచించి, నాలుగు కొట్టేసి ఎనిమిది చేశాడు.