మేటి ఆటగానికి విశ్రాంతి యెప్పుడు?

నయా రాయపూరులోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ క్రికెట్టు మైదానము 2008లో ప్రారంభమైనది. 1857 నాటి స్వాతంత్ర్య సమరమున ప్రాణములర్పించిన సోనాఖాన్ జమీందారు పేరు దానికి పెట్టబడినది. అయినను అచ్చట తొలి అంతర్జాతీయ పందెము 2023 జనవరి 21వ తేదీన గాని జరుగలేదు. ఆనాడు భారతజట్టు న్యూజీలాండును 34.3 ఓవర్లలో 108 పరుగులకే పడగొట్టి, ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచెను. మహమ్మద్ షమీ 18 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసెను. హైదరాబాదు వాడైన మహమ్మద్ సిరాజ్ ఆరు ఓవర్లలో 10 పరుగులు మాత్రమే యిచ్చి ఒక వికెట్టు తీసెను. మూడు పందెముల శ్రేణి ఆనాటితోనే భారతజట్టు వశమైనది.

మూడు దినముల తరువాత ఇండోరులో జరిగిన చివరి పందెమున ఆ యిద్దరు బౌలర్లును ఆడలేదు. వారికి విశ్రాంతినిచ్చి, ఉమ్రాన్ మాలిక్‌ను, యుజ్వేంద్ర చాహల్‌ను ఆడించిరి. భారతజట్టు 90 పరుగుల తేడాతో గెలిచెను. ఆ మరునాడే, జనవరి 25న, వెలువడిన అంతర్జాతీయ పట్టికలో ఒకరోజు పందెముల బౌలర్లందరిలో సిరాజ్‌కు ప్రథమస్థానము లభించెను. లోకమున మొదటివాడని పేరు రానున్నవానిని ఆ ముందు దినముననే ప్రక్కన కూర్చుండబెట్టుట వింతగా తోచవచ్చును. కాని క్రీడాచరిత్రను చూచినచో ఆ నిర్ణయములోని వివేకము తెలియగలదు.

ఆ జనవరిలో సిరాజ్ పడిన శ్రమను లెక్కింతము. 10న గౌహతి, 12న కలకత్తా, 15న తిరువనంతపురము, 18న హైదరాబాదు, 21న రాయపూరు: పండ్రెండు దినములలో ఐదు నగరములు, ఐదు పందెములు. తిరువనంతపురమున శ్రీలంకపై 32 పరుగులకు నాలుగు, హైదరాబాదున 46 పరుగులకు నాలుగు వికెట్లు తీసెను. ఫిబ్రవరి 9న నాగపూరులో ఆస్ట్రేలియాతో టెస్టులు ప్రారంభము కానుండెను. వేగముగా బంతి వేయువాని ముందరి పాదము నేలను తాకునపుడు శరీరపు బరువునకు అనేక రెట్ల తాకిడి నడుమునకు చేరును. విరామము చాలనిచో వెన్నెముకలో సన్నని పగుళ్లు ఏర్పడును. ఇందుకు నిదర్శనము అప్పుడే కన్నుల యెదుట నుండెను. వెన్నునొప్పిచే 2022 ప్రపంచకప్పునకు దూరమైన జస్ప్రీత్ బుమ్రా, శ్రీలంక శ్రేణికి ఎంపికయ్యును, ఆట మొదలుకాక మునుపే తప్పుకొనవలసి వచ్చెను. 2023 మార్చిలో అతనికి శస్త్రచికిత్స జరిగెను.

పూర్వము ఈ చిక్కు లేదు. రాయపూరును నాగపూరును ఒకే మధ్యపరగణాలలో నుండిన కాలమున, 1895లో, నాగపూరునందు ఒక తెలుగు కుటుంబమున జన్మించిన కర్నల్ సి.కె. నాయుడుగారు 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టుజట్టుకు నాయకత్వము వహించిరి. అప్పటినుండి 1936 వరకు భారతదేశ మాడిన టెస్టులు ఏడు మాత్రమే. ఆ యేడింటను నాయుడుగారు ఆడిరి. అరువదియొక యేండ్ల వయస్సున గూడ, 1956-57లో, రంజీ పోటీలలో ఆడిరి. ఆ దేహదార్ఢ్యము శ్లాఘనీయమే. కాని నాలుగేండ్లలో ఏడు టెస్టులాడిన తరమునకు చెల్లిన నియమమును, పండ్రెండు దినములలో ఐదు పందెములాడు తరమునకు వర్తింపజేయుట న్యాయము కాదు.

అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటలో ఈ ప్రశ్న పురాతనమైనది. లూ గెరిగ్ 1925 మొదలు 2130 పందెములు ఎడతెగక ఆడి, 1939 మే 2న తనకు తానే జట్టునుండి తప్పుకొనెను. అతనిని క్రుంగదీయుచుండినది అలసట గాదు, తీరని నరముల వ్యాధి యని పిమ్మట తేలెను. ఆ లెక్కను దాటిన కాల్ రిప్కెన్ 2632 పందెముల తరువాత, 1998 సెప్టెంబరు 20న, ఆరోగ్యవంతుడై యుండియే స్వయముగా విరమించెను. ఇండ్లలో పాచికలతోను, పిమ్మట కంప్యూటరులపైనను ఆడు కల్పిత బేస్‌బాల్ పోటీలలో గూడ మేటివానిని ఎప్పుడు ఆపవలెనను విచారము కలదు. అచ్చట అలసట ఒక అంకెగా కనబడును. నిజమైన మైదానమున అది అంకెలలో పూర్తిగా కనబడదు. శిక్షకుడును వైద్యుడును నాయకుడును కలసి ఊహింపవలసినదే.

రెండవ పక్షమును కలదు. దూరమునుండి టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడు మేటి ఆటగాండ్రనే చూడగోరును. 2023 నవంబరు 19న ప్రపంచకప్పు ముగిసిన నాలుగవనాడే విశాఖపట్టణమున ఆస్ట్రేలియాతో ఇరువది ఓవర్ల శ్రేణి మొదలయ్యెను. రోహిత్, కోహ్లీ, బుమ్రా, షమీ, సిరాజ్ అందులో లేరు. డిసెంబరు 1న ఆ శ్రేణి రాయపూరు చేరునాటికి మాక్స్‌వెల్, స్మిత్, జంపా గూడ స్వదేశమునకు వెడలిపోయిరి. అయినను భారతజట్టు 20 పరుగులతో గెలిచి శ్రేణిని కైవసము చేసికొనెను. రింకూ సింగ్ 46 పరుగులు చేసెను. ఒకరి విశ్రాంతి మరియొకరికి ద్వారము తెరచినది.

అన్నివేళల ఫలితము ఇట్లే యుండదు. 2025 డిసెంబరు 3న అదే మైదానమున, బుమ్రా లేని జట్టు 358 పరుగులు చేసియు దక్షిణాఫ్రికా చేతిలో ఓడెను. ఆ రాత్రి మంచు గూడ బౌలర్లకు ప్రతికూలించెను గనుక, నెపమంతయు విశ్రాంతిపై మోపరాదు. అదే సంవత్సరము ఇంగ్లండులో, ముందుగా నిశ్చయించినట్లు బుమ్రా ఐదు టెస్టులలో మూడింటనే ఆడెను. సిరాజ్ ఐదింటను ఆడి 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీసెను. ఆగస్టు 4న ఓవల్ మైదానమున చివరి వికెట్టు అతనికే దక్కి, భారతజట్టు ఆరు పరుగులతో గెలిచెను. ఒకని దేహమునకు తగిన నియమము వేరొకనికి తగదని దీనివలన స్పష్టమగుచున్నది.

అతడు లేనిదే పని జరుగదను పేరుగల ఉద్యోగికి సెలవు వాయిదా పడుచుండుట కార్యాలయములలో అందరెరిగినదే. తుదకు వ్యాధియే అతనికి సెలవు మంజూరు చేయును. రాయపూరు విజయము తరువాత జరిగినది అట్టిది గాదు. శ్రేణి చేజిక్కినది, పెద్ద పోటీ ముందున్నది, బదులుగా ఆడగలవారు సిద్ధముగా నున్నారు. ఈ మూడును కూడివచ్చిన దినముననే, నొప్పి మొదలుకాక మునుపే, విశ్రాంతి నిచ్చిరి. ఫిబ్రవరిలో నాగపూరు టెస్టు మొదలైనపుడు షమీ, సిరాజ్ లిద్దరును జట్టులో నుండిరి. ఆ టెస్టును భారతజట్టు ఒక ఇన్నింగ్సు 132 పరుగుల తేడాతో గెలిచెను.