కదలెడు ప్లాట్‌ఫారము

రైలు కొరకు మనము నిలుచుండు ప్లాట్‌ఫారము కదలదు; రైలే కదలును. ఈ వేగభేదమే, సాగుచున్న బండినుండి దిగబోవువానిని పడవేయుచున్నది. పాదము నేలనంటి ఆగిపోవును. దేహము మాత్రము ముందునకే పోవును. న్యూటను ప్రథమ గమన సూత్రమును ఇంత కఠినముగా బోధించు ఉపాధ్యాయుడు మరియొకడు లేడు.

అయితే ప్లాట్‌ఫారమే కదలినచో? 1893లో చికాగో ప్రదర్శనములో అట్టిదానిని నిర్మించిరి. 1900లో పారిసు ప్రదర్శనమున వేసినది ఇంకను గొప్పది. సుమారు 3½ కిలోమీటర్ల పొడవున, నేలకు ఎత్తుగా, విద్యుచ్ఛక్తితో అది తిరుగుచుండెను. అందు మూడు పట్టీలు ప్రక్కప్రక్కనే యుండెను. ఒకటి స్థిరము, రెండవది గంటకు ఇంచుమించు 4 కి.మీ., మూడవది 8 కి.మీ. చొప్పున సాగెడివి. జనులు ఒకదానినుండి మరియొకదానికి అడుగు వేసెడివారు. పట్టుకొనుటకు గుంజలు గలవు.

నడిమి పట్టీ యెందులకు? వేగభేదము సగమైనచో, కాలు మోపినపుడు దేహము అణచుకొనవలసిన గతిజశక్తి నాలుగవవంతే యగును. రెండడుగులకును కలిపినను సగమే.

కాని రైళ్లకు ఈ ఉపాయము పనికిరాదు. 60 కి.మీ. వేగమును 4 చొప్పున అందుకొనవలెనన్న 14 నడిమి పట్టీలు కావలెను! అవి ఆక్రమించు వెడల్పును విద్యార్థులే లెక్కించవచ్చును. నేడు విమానాశ్రయములలో నడకవేగమున సాగు పట్టీలు మాత్రము కనబడుచున్నవి. వానికి ఒక్క అడుగే చాలును.