బాస్టిల్ కోట ఎక్కడ?

వేసవి సెలవుల్లో పారిస్‌లో ఉంటున్న మా పెదనాన్న గారింటికి వెళ్ళాం. విప్లవానికి నూరేళ్ళు నిండిన 1889లో కట్టిన ఈఫిల్ టవర్ చూశాక, "బాస్టిల్ కోట చూపించండి పెదనాన్నా" అన్నాను. తీసుకెళ్ళారు. తీరా చూస్తే అక్కడ కోటే లేదు!

1789 జూలై 14న ప్రజలు ఆ జైలును పట్టుకున్నారు. లోపల ఉన్న ఖైదీలు ఏడుగురే. తరువాత కోటను పడగొట్టి, కొన్ని రాళ్ళను సెయిన్ నది మీది కాంకార్డ్ వంతెనకు వాడారట. ఇప్పుడు గోడలున్న చోట రోడ్డు మీద గుర్తుగా రాళ్ళ వరస మాత్రం ఉంది. చౌకు మధ్యలో ఉన్న స్తంభమేమో 1830 విప్లవానిది.

"స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న ఈ దేశమే మన యానాంను 1954 దాకా ఎందుకు ఏలింది?" అని అడిగాను.

పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. "ఈ ప్రశ్న నీ వ్యాసంలో రాయమ్మా" అన్నారు.

అందుకే రాశాను.