డొనెల్లా మెడోస్

డొనెల్లా హేగర్ మెడోస్ (1941 మార్చి 13 – 2001 ఫిబ్రవరి 20) అమెరికాకు చెందిన పర్యావరణ శాస్త్రవేత్త, అధ్యాపకురాలు, రచయిత్రి. సన్నిహితులు ఈమెను డానా అని పిలిచేవారు. 1972లో వెలువడిన "ది లిమిట్స్ టు గ్రోత్" (వృద్ధికి హద్దులు) గ్రంథానికి ఈమె ప్రధాన రచయిత్రి. జనాభా, పరిశ్రమలు, ఆహారం, కాలుష్యం వంటివాటిని వేర్వేరు సమస్యలుగా కాక, ఒకదానినొకటి కదిలించే భాగాలతో కూడిన ఒకే వ్యవస్థగా పరిశీలించాలని ఈమె జీవితాంతం బోధించింది. ఆ గ్రంథాన్ని ప్రపంచం ఒక జోస్యంగా చదివింది. అది జోస్యం కాదని చెప్పడానికే ఈమె తరువాతి ముప్పై ఏళ్ళలో చాలా భాగం వెచ్చించవలసి వచ్చింది.

తొలి జీవితం

మెడోస్ ఇల్లినాయి రాష్ట్రంలోని ఎల్గిన్ పట్టణంలో జన్మించింది. 1963లో కార్ల్‌టన్ కళాశాల నుండి రసాయన శాస్త్రంలో పట్టభద్రురాలై, 1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి జీవభౌతిక శాస్త్రంలో డాక్టరేటు పొందింది. అంటే ఈమె మొదట చదివినది అణువుల గురించే కాని సమాజం గురించి కాదు. డాక్టరేటు తరువాత భర్త డెనిస్ మెడోస్‌తో కలిసి ఇంగ్లాండు నుండి నాటి సిలోన్ (శ్రీలంక) వరకు వెళ్ళి తిరిగి రావడానికి దాదాపు ఒక సంవత్సరం ప్రయాణం చేసింది. అక్కడ నుండి వచ్చిన వెంటనే దంపతులిద్దరూ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో జే ఫారెస్టర్ బృందంలో పరిశోధకులుగా చేరారు.

ప్రపంచ నమూనా

ఫారెస్టర్ విద్యుత్ ఇంజనీరు. తొలితరం కంప్యూటర్ల మెమరీ నిర్మాణంలో కీలక కృషి చేసి, ఆపై కర్మాగారాలలోను నగరాలలోను తలెత్తే ఒడుదుడుకులను కంప్యూటర్ సమీకరణాలుగా వ్రాసే పద్ధతిని రూపొందించాడు. ఈ పద్ధతికి సిస్టమ్ డైనమిక్స్ అని పేరు. 1970లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో జరిగిన క్లబ్ ఆఫ్ రోమ్ సమావేశానికి ఇతడు హాజరయ్యాడు. క్లబ్ ఆఫ్ రోమ్ అనేది ఇటలీకి చెందిన పారిశ్రామికవేత్త అరేలియో పెచ్చేయి, స్కాట్లాండుకు చెందిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ కింగ్ 1968లో స్థాపించిన మేధావుల సంఘం. మానవజాతి ఎదుర్కొంటున్న సమస్యలు ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకున్నాయో తెలుసుకోవాలన్నది వారి ఆకాంక్ష. ఆ పనికి తన పద్ధతి పనికివస్తుందని ఫారెస్టర్ చెప్పాడు. జర్మనీలోని వోక్స్‌వాగన్ ఫౌండేషన్ ధనసహాయం చేసింది. డెనిస్ మెడోస్ బృందానికి నాయకుడయ్యాడు. డొనెల్లా జనాభాకు సంబంధించిన భాగాన్ని చేపట్టింది.

ఈ బృందం తయారుచేసిన నమూనా పేరు వరల్డ్3. ఇందులో ప్రధానంగా ఐదు అంశాలున్నాయి: జనాభా, పారిశ్రామికోత్పత్తి, ఆహారం, కాలుష్యం, తిరిగి పుట్టని సహజ వనరులు. 1900 నుండి 2100 వరకు ఇవి ఎలా మారగలవో నమూనా లెక్కకట్టేది. ఇందులోని విశేషం అంకెలలో కంటె అల్లికలో ఉంది. పరిశ్రమ పెరిగితే యంత్రాలు పెరుగుతాయి, యంత్రాలు మరింత పరిశ్రమను పుట్టిస్తాయి. అదే సమయంలో వనరులు తరుగుతాయి, కాలుష్యం పేరుకుంటుంది, అది కొంతకాలం తరువాత పంటలను, ఆయుర్దాయాన్ని దెబ్బతీస్తుంది. ఈ "కొంతకాలం తరువాత" అన్నదే ప్రమాదకరమైనది. హద్దు దాటిన సంగతి హద్దు దాటిన చాలా కాలానికి గాని తెలియదు.

వృద్ధికి హద్దులు

నమూనా ఫలితాలను సామాన్య పాఠకుల కొరకు పుస్తకంగా వ్రాసే బాధ్యత డొనెల్లా తీసుకుంది. డెనిస్ మెడోస్, యోర్గన్ రాండర్స్, విలియం బెహ్రెన్స్ సహరచయితలు. 1972 మార్చిలో వెలువడిన ఈ చిన్న పుస్తకం దాదాపు 30 భాషలలోకి అనువాదమైంది. రెట్టింపు పెరుగుదల ఎంత మోసకారి యో చెప్పడానికి ఇందులో ఒక పాత ఫ్రెంచి పొడుపుకథను వాడుకున్నారు. కొలనులో ఒక కలువతీగ రోజుకు రెట్టింపు అవుతూ 30 రోజులలో కొలనంతా కమ్ముతుంది. సగం కొలను కమ్మేది ఎన్నవ రోజున? 29వ రోజున. అంతకు ముందు చాలా రోజులు తీగ అంత చిన్నదిగా కనిపిస్తుంది కనుక దాన్ని కోయాలన్న తలంపే ఎవరికీ రాదు.

జనాభా, పారిశ్రామికోత్పత్తి అప్పటి తీరులోనే పెరుగుతూ పోతే నూరేళ్ళలోపు ఈ భూమి హద్దులు ఎదురవుతాయని, ఆపై రెండూ అదుపులేకుండా పడిపోయే అవకాశముందని గ్రంథం పేర్కొన్నది. దీని తరువాతి వాక్యాలను మాత్రం చాలామంది చదివినట్లు కనబడదు. ఈ ధోరణిని మార్చడం సాధ్యమేనని, ప్రతి మనిషి కనీసావసరాలు తీరే ఒక స్థిరమైన సమతౌల్యాన్ని రూపొందించుకోవచ్చునని, ఆ పని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదని రచయితలు వ్రాశారు. పుస్తకంలో పతనాన్ని చూపే దృశ్యాలతోపాటు సమతౌల్యాన్ని చూపే దృశ్యాలు కూడా ఉన్నాయి.

విమర్శలు

గ్రంథంపై దాడి వెంటనే మొదలైంది. 1973లో ఇంగ్లాండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక విమర్శ సంపుటం వెలువరించారు. ప్రపంచాన్నంతటినీ ఒకే ముద్దగా తీసుకోవడం, సాంకేతిక ప్రగతిని తక్కువగా అంచనా వేయడం వంటి లోపాలను వారు ఎత్తిచూపారు. ఒక వస్తువు కొరత పడితే దాని ధర పెరుగుతుందని, అప్పుడు వాడకం తగ్గి ప్రత్యామ్నాయాలు పుడతాయని, నమూనాలో ఆ ధరలకు చోటే లేదని ఆర్థికవేత్తలు వాదించారు.

అన్నిటికంటె ఆలోచింపజేసే విమర్శ లాటిన్ అమెరికా నుండి వచ్చింది. అర్జెంటీనాలోని బరిలోచే ఫౌండేషన్‌కు చెందిన బృందం 1976లో తమ సొంత ప్రపంచ నమూనాను ప్రకటించింది. ఉత్తరాది వారు భవిష్యత్తులో రాబోతుందంటున్న ఉపద్రవం ప్రపంచంలోని అధిక సంఖ్యాకులకు ఇప్పటికే వచ్చి ఉన్నదని, ఆకలి, నిరక్షరాస్యత, అకాల మరణం వారి నిత్యజీవితమని వారు గుర్తుచేశారు. వారి దృష్టిలో అడ్డుగా ఉన్నది భూమి హద్దులు కాదు, సంపద, అధికారాల పంపిణీ. సరాసరి లెక్కలతో నడిచే వరల్డ్3 ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేదు. ప్రపంచ నమూనాల మంచిచెడ్డలను చర్చిస్తూ మెడోస్ సహరచయితలతో కలిసి 1982లో "గ్రోపింగ్ ఇన్ ది డార్క్" (చీకటిలో తడుములాట) అనే గ్రంథం ప్రచురించింది.

అపార్థంతో చేసిన విమర్శలు కూడా తక్కువేమీ కావు. గ్రంథంలోని ఒక పట్టికలో ఖనిజాల నిల్వలు ఎన్నేళ్ళకు సరిపోతాయో మూడు విధాలుగా లెక్కించారు. పెట్రోలియంకు అప్పటి వాడకం ప్రకారం 31 ఏళ్ళు, వాడకం పెరుగుతూ పోతే 20 ఏళ్ళు, నిల్వలు ఐదు రెట్లున్నాయనుకుంటే 50 ఏళ్ళు. రెట్టింపు పెరుగుదల ముందు నిల్వలు ఐదింతలైనా ఎంత తక్కువ కాలం వస్తాయో చూపడం ఈ పట్టిక ఉద్దేశం. విమర్శకులు మధ్య అంకెను మాత్రం తీసుకొని, 1992 నాటికి చమురు అయిపోతుందని మెడోస్ చెప్పింది, అది తప్పయింది అని ప్రచారం చేశారు. ఈ మాట నేటికీ అక్కడక్కడ వినబడుతూనే ఉంటుంది.

2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గ్రాహం టర్నర్ 1970 నుండి 2000 వరకు గల వాస్తవ గణాంకాలను నమూనాతో పోల్చి, మార్పులేమీ చేయకుండా సాగే దృశ్యానికి అవి దగ్గరగా ఉన్నాయని తేల్చాడు. 2021లో ప్రచురితమైన గాయా హెరింగ్టన్ అధ్యయనం కూడా వృద్ధి ఆగిపోవడాన్ని చూపే దృశ్యాలకే గణాంకాలు ఎక్కువ దగ్గరగా ఉన్నాయని పేర్కొంది. అయితే ఈ పోలికలు ప్రధానంగా రేఖలు పైకి సాగే కాలానికి చెందినవి. రేఖలు కిందికి వంగే భాగం విషయంలో నమూనా నిజమా కాదా అనేది వీటితో తేలదు.

వ్యవస్థా దృష్టి

మెడోస్ బోధన చాలా సామాన్యమైన విషయంతో మొదలవుతుంది. ప్రతి వ్యవస్థలోను కొన్ని నిల్వలు, వాటిలోకి వచ్చే ప్రవాహాలు, వాటి నుండి పోయే ప్రవాహాలు ఉంటాయి. ఈమె దీనికి స్నానపు తొట్టెను ఉదాహరణగా వాడేది. తెలుగు పాఠకులు చెరువును తలచుకోవచ్చు. వాగు నుండి నీరు వస్తుంది, తూము ద్వారా, అలుగు మీదుగా పోతుంది. వాన ఆగిన మరునాడే చెరువు ఎండదు. ఒక్క వానకే నిండదు. జనాభా, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, బ్యాంకు అప్పు, ప్రజల నమ్మకం ఇవన్నీ ఇటువంటి చెరువులే.

నిల్వ మట్టాన్ని బట్టి ప్రవాహం మారితే దానిని ఫీడ్‌బ్యాక్ వలయం అంటారు. ఇస్త్రీపెట్టె వేడెక్కగానే దానంతటదే ఆగి, చల్లబడగానే మళ్ళీ పనిచేయడం సరిచేసే వలయం. అప్పుమీద వడ్డీ, వడ్డీమీద వడ్డీ పెరగడం పెంచే వలయం. ఒక వ్యవస్థ ప్రవర్తనకు కారణం చాలావరకు దాని అల్లికలోనే ఉంటుందని, బయటి శత్రువును గాని లోపలి దుర్మార్గుని గాని వెదకడం వల్ల సమస్య మళ్ళీ మళ్ళీ వస్తుందని ఈమె అభిప్రాయం.

ఇందుకు ఈమె ఇచ్చిన ఉదాహరణలలో రొమేనియా కథ విషాదకరమైనది. జనాభా పెంచదలచిన ఆ దేశ ప్రభుత్వం 1960వ దశకంలో గర్భస్రావాలను నిషేధించింది. జననాల రేటు ఒక్కసారిగా పెరిగింది. కాని పెద్ద కుటుంబాలను పోషించలేని ప్రజలు వేరే దారులు వెదుక్కున్నారు. కొన్నేళ్ళలో రేటు దాదాపు మునుపటి స్థాయికి దిగివచ్చింది. రహస్యంగా, అపాయకరంగా జరిగిన గర్భస్రావాలవల్ల తల్లుల మరణాలు పెరిగాయి, అనాథాశ్రమాలు నిండాయి. ఇదే సమస్యతో 1930లలో స్వీడన్ మరో దారి పట్టింది. ఎందరు పిల్లలు పుట్టాలి అన్న ప్రశ్నను పక్కనబెట్టి, పుట్టిన ప్రతి బిడ్డ కోరుకున్న బిడ్డ కావాలని, చక్కగా పెరగాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ లక్ష్యంతో ప్రభుత్వానికి, ప్రజలకు పేచీ లేదు.

జోక్యానికి తగిన చోట్లు

1990లలో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందాలపై జరిగిన ఒక సమావేశంలో కూర్చొని ఉండగా, ఒక పెద్ద కొత్త వ్యవస్థను నిర్మిస్తున్నారే గాని దానిని అదుపుచేసే మార్గాల గురించి ఎవరూ ఆలోచించడం లేదని ఈమెకు తోచింది. లేచి వెళ్ళి అక్కడున్న కాగితపు బోర్డుమీద ఒక జాబితా వ్రాసింది. 1997లో వ్యాసంగా వచ్చినపుడు అందులో తొమ్మిది అంశాలుండేవి, 1999 నాటికి పన్నెండయ్యాయి. గునపం సరైన చోట ఆనిస్తే పెద్ద బండ కూడా కదిలినట్లు, వ్యవస్థలో కొద్ది బలంతో పెద్ద మార్పు తేగల చోట్లను ఈమె లెవరేజ్ పాయింట్లు అన్నది.

పన్నులు, రాయితీలు, ప్రమాణాలు వంటి అంకెలను మార్చడం ఈ జాబితాలో అట్టడుగున ఉంటుంది. రాజకీయ చర్చ అంతా సాధారణంగా వీటి చుట్టూనే తిరుగుతుంది. వీటికంటె నిల్వల పరిమాణం, ఆలస్యాలు, వలయాల బలం మేలైనవి. వాటికంటె సమాచార ప్రవాహం, నియమాలు, వ్యవస్థ తనను తాను మార్చుకొనే శక్తి, లక్ష్యం. ఆ పైన, ఇవన్నీ ఏ భావజాలం నుండి పుట్టాయో ఆ భావజాలం. దేనినీ అంతిమ సత్యంగా పట్టుకోకుండా ఉండగలగడం అన్నిటికంటె పైది.

సమాచార ప్రవాహానికి ఈమె చెప్పిన ఉదాహరణ ఆసక్తికరమైనది. నెదర్లాండ్స్‌లో ఒకేరకంగా కట్టిన ఇళ్ళలో కొన్నింటికి కరెంటు మీటరు నేలమాళిగలో, కొన్నింటికి ముందు గదిలో పెట్టారట. మీటరు కళ్ళెదుట తిరుగుతూ కనిపించే ఇళ్ళలో వాడకం 30 శాతం వరకు తక్కువ. అమెరికాలో 1986 నాటి చట్టం కర్మాగారాలు విడుదలచేసే విషపదార్థాల లెక్కలు బయటపెట్టాలని మాత్రమే కోరింది. రెండు మూడేళ్ళలో నివేదించిన ఉద్గారాలు 40 శాతం తగ్గాయని మెడోస్ పేర్కొంది.

మీట దొరికినంత మాత్రాన పని జరగదు. ఎక్కడ నొక్కాలో జనానికి తరచు తెలుసునని, కాని వ్యతిరేక దిశలో నొక్కుతారని ఫారెస్టర్ అనేవాడు. ప్రపంచ నాయకులు ఆర్థిక వృద్ధిని కీలకంగా గుర్తించడం ఇటువంటిదేనని మెడోస్ వ్రాసింది.

బోధన, పత్రికా రచన, సేద్యం

ఈమె 1972లో డార్ట్‌మత్ కళాశాలలో అధ్యాపకురాలిగా చేరింది. 1983లో శాశ్వత ఆచార్య పదవిని వదులుకొని, రచనకు, అంతర్జాతీయ కృషికి ఎక్కువ సమయం కేటాయించింది. అయినా అక్కడ పాఠాలు చెప్పడం మానలేదు. 1980ల ప్రారంభంలో డెనిస్‌తో కలిసి ఏర్పరచిన బాలటన్ బృందం హంగరీలోని బాలటన్ సరస్సు ఒడ్డున ఏటా సమావేశమయ్యేది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో తూర్పు, పశ్చిమ దేశాల శాస్త్రవేత్తలు ఒకచోట కూర్చొని మాట్లాడుకోగలిగిన కొద్ది వేదికలలో ఇది ఒకటి.

1985 నుండి "ది గ్లోబల్ సిటిజన్" అనే శీర్షికను వారం వారం పత్రికలకు వ్రాసింది. ప్రపంచం వెయ్యి మంది ఉన్న గ్రామమైతే ఎలా ఉంటుందో చెప్పే 1990 నాటి వ్యాసం ఇందులోదే. ఆ గ్రామంలో 584 మంది ఆసియావారు, 124 మంది ఆఫ్రికావారు, 52 మంది ఉత్తర అమెరికావారు. తరువాత ఈ వ్యాసం వందమంది గ్రామంగా కుదించబడి, రచయిత్రి పేరు లేకుండా ఈ-మెయిళ్ళ ద్వారా ప్రపంచమంతా తిరిగింది. దానిని చదివినవారిలో చాలామందికి అది ఎవరి రచనో తెలియదు.

మెడోస్ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఒక చిన్న వ్యవసాయ క్షేత్రంలో చాలా ఏళ్ళు నివసించింది. రసాయనాలు లేకుండా సేద్యం చేసేది, గొర్రెలను పెంచేది. 1994లో మెకార్థర్ ఫెలోషిప్ లభించింది. 1996లో సస్టైనబిలిటీ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించి, వెర్మాంట్ రాష్ట్రంలోని హార్ట్‌లాండ్‌లో కాబ్ హిల్ అనే పర్యావరణ గ్రామ నిర్మాణానికి పూనుకుంది.

మరణం, తరువాత

2001 ఫిబ్రవరిలో మెనింజైటిస్ సోకి కొద్ది రోజుల అనారోగ్యంతో తన 59వ ఏట మరణించింది. కాబ్ హిల్ ఇళ్ళు ఈమె మరణానంతరం పూర్తయ్యాయి. 1992లో వచ్చిన "బియాండ్ ది లిమిట్స్" తరువాత సిద్ధమవుతున్న ముప్పై ఏళ్ళ సవరణ గ్రంథాన్ని డెనిస్ మెడోస్, రాండర్స్ పూర్తిచేసి 2004లో ప్రచురించారు. 1993 నుండి వ్రాతప్రతిగానే చేతులు మారుతూ వచ్చిన పాఠ్యగ్రంథం డయానా రైట్ సంపాదకత్వంలో "థింకింగ్ ఇన్ సిస్టమ్స్" పేరుతో 2008లో వెలువడింది. సస్టైనబిలిటీ ఇన్‌స్టిట్యూట్ పేరును 2011లో డొనెల్లా మెడోస్ ఇన్‌స్టిట్యూట్‌గా మార్చారు.