తప్పుడు ప్రకటనల చట్టం: వ్యాపారి నుంచి వినియోగదారుడి దాకా

ఖరగ్‌పూర్ రైల్వే టౌన్‌లో మా ట్రాఫిక్ ఏరియా గోడల మీద కోచింగ్ పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. "నంబర్ వన్", "సెలక్షన్ గ్యారంటీ" అని ఉంటుంది. ఒక ర్యాంకర్ ఫోటో చూసి నేనూ ఒకచోట మొత్తం కోర్సుకు ఫీజు కట్టాను. ఆ ర్యాంకర్ అక్కడ తీసుకున్నది ఒక్క ఉచిత మాక్ ఇంటర్వ్యూ అని తర్వాత తెలిసింది. ఇలాంటి ప్రకటన వల్ల నష్టపోయేది పోటీ సంస్థా, మనమా? ఈ ప్రశ్నకు చట్టం కాలాన్ని బట్టి వేర్వేరు జవాబులు ఇచ్చింది.

మొదటి దశ: వ్యాపారికి రక్షణ

తన సరుకును ఇంకొకరి సరుకుగా నమ్మించి అమ్మడాన్ని 'పాసింగ్ ఆఫ్' అంటారు. ఇది ఇంగ్లిష్ కామన్ లా నుంచి వచ్చింది. 1940, 1958, 1999 ట్రేడ్ మార్క్స్ చట్టాలు వచ్చినా ఈ హక్కు అలాగే ఉంది. కానీ ఇందులో దావా వేసేది వ్యాపారి. మోసపోయిన కొనుగోలుదారు కాదు.

మన రాష్ట్రంలోనే జరిగిన కేసు చూడండి. బట్టలకు పెట్టే నీలిమందు 'ఉజాలా' ప్రకటన మీద, 'రాబిన్ బ్లూ' తయారుచేసే రెకిట్ అండ్ కోల్‌మన్ కంపెనీ కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. 1999లో కోర్టు చెప్పిన సారాంశం ఇది: నా సరుకే గొప్ప అనవచ్చు, అది నిజం కాకపోయినా సరే. పోల్చి చూపవచ్చు. కానీ ఎదుటివాడి సరుకు చెడ్డది అనకూడదు. ఆ ప్రకటనను కోర్టు ఆపింది.

మన స్టేషన్‌తోనే ఉదాహరణ చెప్తాను. 1072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటింది. ఇప్పటికీ ఒక హోటలు "ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం పక్కనే" అని బోర్డు పెడితే, 1999 సూత్రం ప్రకారం పక్క హోటలు అతన్ని ఆపలేదు. తర్వాత ఈ సడలింపు తగ్గింది. వాణిజ్య ప్రకటనకు 19(1)(ఎ) రక్షణ ఉందని 1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మోసపూరితమైన వాటికి మాత్రం లేదంది. దాని ఆధారంగా 2009 డాబర్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రకటన అబద్ధంగా, తప్పుదోవ పట్టించేలా ఉండకూడదని చెప్పింది.

రెండో దశ: కొనేవాడికి హక్కు

1969 ఎంఆర్‌టీపీ చట్టం మొదట గుత్తాధిపత్యం మీదే దృష్టి పెట్టింది. సచార్ కమిటీ 1978 నివేదిక తర్వాత, 1984 సవరణతో 36ఎ సెక్షన్ వచ్చింది. 'అనుచిత వ్యాపార పద్ధతులు' అనే మాట అప్పుడే చట్టంలోకి చేరింది. 1986 వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారుకే ఫిర్యాదు హక్కు ఇచ్చింది.

2019 చట్టం ఇంకో అడుగు వేసింది. 2020 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ ఏర్పడింది. ఇది ఫిర్యాదు లేకపోయినా తనంతట తానే విచారించగలదు. సెక్షన్ 21 కింద 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు.

మన గోడ మీదికి వద్దాం

2024 నవంబరులో సీసీపీఏ కోచింగ్ రంగానికి ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకర్ ఫోటో వాడాలంటే, ఎంపికైన తర్వాత అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. అతను ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలమో, డబ్బు కట్టాడో లేదో ప్రకటనలోనే చెప్పాలి. సెలక్షన్ గ్యారంటీ అనకూడదు.

నేను ఫీజు కట్టినప్పుడు ఈ నియమం నాకు తెలియదు. మీరు మాత్రం ఫీజు కట్టే ముందు అడగండి: "ఈ ర్యాంకర్ మీ దగ్గర ఏ కోర్సు చేశాడు?" జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే చట్టాల పేర్లతో ఆగకండి. దావా వేసే హక్కు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో రాయండి.