కౌబాయ్ చిత్రము – కె. ఎస్. ఆర్. దాసు

తెలుగు చలనచిత్ర చరిత్రలో పౌరాణిక, సాంఘిక చిత్రములకు దక్కిన పరిశీలనము పోరాట చిత్రములకు దక్కలేదని మాకు తోచుచున్నది. ఈ ఉపేక్షకు గురియైన దర్శకులలో కె. ఎస్. ఆర్. దాసు (1936–2012) ముఖ్యుడు.

1966లో 'లోగుట్టు పెరుమాళ్ళకెరుక'తో దర్శకుడైన ఈతడు, 1970లో 'రౌడీ రాణి'యందు విజయలలితను పోరాట నాయికగా నిలిపెను. మరుసటి యేడు పద్మాలయా వారికై కృష్ణ నాయకుడుగా తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' భారతదేశమున తొలి కౌబాయ్ చిత్రముగా ప్రసిద్ధిగాంచినది. పిదప తెలుగున 'యుగంధర్' (1979), కన్నడమున విష్ణువర్ధన్‌తో 'సహోదరర సవాల్' (1977) మున్నగు చిత్రములను తీసెను.

'మోసగాళ్ళకు మోసగాడు' ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే చిత్రములకు ఋణపడినదనుట నిజము. అంతమాత్రమున దానిని వట్టి అనుకరణమని త్రోసివేయవచ్చునా? అమెరికా పశ్చిమసీమ వంటి దేశకాలములు మనకు లేవు. రచయిత ఆరుద్ర కథను ఆంగ్లేయుల కాలమునకును, అమరవీడు నిధికిని ముడివేసి ఆ కొరత తీర్చెను. దాసు రాజస్థాన్ ఎడారిని ఆ కథకు రంగస్థలము గావించెను. టోపీయు వేషమును పరాయివి. నిధియు సంస్థానమును మనవి.

సంస్కృత భారతమును తెనిగించిన నన్నయను ఆదికవిగా కొలుచు మనకు స్వీకరణము దోషము కాదు. స్వీకరించినది ఈ నేలలో ఎట్లు నాటుకొన్నదనునదే విచార్యము. ఆ కొలతతో చూచినచో దాసు కృషి పరిశోధనార్హమని మేము భావింతుము.